దిష్టి తీసిన రోజులు

మంగళవారం మధ్యాహ్నం ఒంటి గంటా పది నిమిషాలు. గండికోట నుంచి జమ్మలమడుగుకు దిగే రోడ్డులో రెండో మలుపు దగ్గర ఇన్‌స్పెక్టర్ షంషాద్ టేపు సాగదీసి, తారు మీద మోకాళ్ళూని కూర్చుంది. రెండు రోజుల కిందట గురమ్మ కొడుకు యశ్వంత్ పడింది అక్కడే. ఆ చోటు చూడకూడదని ఇంటి దగ్గరే అనుకుని బయల్దేరింది గురమ్మ. వచ్చినప్పటి నుంచీ దాన్నే చూస్తోంది.

"బ్రేకు గీత ల్యా," అంది షంషాద్ లేచి చేతులు దులుపుకుంటూ. "పదిహేను అడుగుల ముందు నుంచే బండి ఎడమకు ఒరిగింది. బ్రేకు పట్టలేదంటే, పడేదానికి ముందే పిల్లోడు తెలివి తప్పినాడు."

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. గురమ్మకు కీడెంచడంతోనే పొద్దు గడిచిపోతుంది, మేలు దాకా రాదు. నాలుగేళ్ళ కిందట పెద్దముడియంలో శనగ బస్తాల ట్రాక్టరు మీద నుంచి పడి యశ్వంత్‌కు రొమ్ము కింద నుంచి స్పర్శ పోయిన రోజు మొదలు ఆమెది అదే తీరు. నడుము లేవని కొడుకు సైకిల్ పందేలకు పోతానంటే మూడు పూటలు పస్తు ఉంది. వెల్లకిలా పడుకుని, కాళ్ళు బెల్టులతో బిగించుకుని, చేతులతో పెడళ్ళు తిప్పే ఆ మూడు చక్రాల హ్యాండ్‌సైకిల్‌ను మొదటిసారి చూసినప్పుడు, "ఇది పాడె మాదిరి ఉంది గదరా" అని ఏడ్చింది. వాడు నవ్వి, "పాడె మీద పోయేటోడు తొక్కడు లే మా" అన్నాడు.

ఆ కొడుకే ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక ఆసుపత్రి ఐ.సి.యు.లో కళ్ళు మూసుకుని పడున్నాడు. మెదడులో నరం చిట్లింది. పడినందుకు చిట్లలేదు, చిట్లినందుకు పడ్డాడు అన్నారు డాక్టర్లు. మూత్రం పోయే పైపును ఎవరో నొక్కిపెట్టారట. ఆసుపత్రికి చేరేసరికి కాలికి కట్టిన సంచిలో రెండు గుక్కల పాటి కూడా లేదు. కొత్త పైపు వేస్తే లీటరు పైన వచ్చింది. రెండున్నర గంటలు కడుపు కింద అంత బరువు నిలిచిపోతే మామూలు మనిషి అయితే కేకలు పెడతాడు. వాడికి అక్కడ నొప్పే తెలియదు. తెలియని ఆ నొప్పికి బి.పి. ఒక్కటే పైకి, పైపైకి పోయింది.

ఎవరు నొక్కారు? ఈ సంగతి తేలేవరకు ఐ.సి.యు. తలుపు దగ్గర ఒక కానిస్టేబుల్ ఉంటాడని షంషాద్ మాట ఇచ్చింది. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి కేసు మూసేస్తే ఆ కానిస్టేబుల్ వెళ్ళిపోతాడు. అప్పుడు ఒకసారి నొక్కిన చెయ్యి రెండోసారి వస్తే అడ్డం ఎవరుంటారు? గురమ్మకు అన్నం సయించనిది అందుకే. పొద్దున రౌండ్సుకు వచ్చిన డాక్టరు, "రెప్పలు కదుల్తున్నాయమ్మా, సాయంత్రానికి కళ్ళు తెరవొచ్చు" అన్నప్పుడు కూడా ఆమెకు సంతోషానికి ముందు దడే వచ్చింది.

షంషాద్ రోడ్డు పక్కన నిలబడిన నరేష్ వైపు తిరిగింది. పులివెందులలో హ్యాండ్‌సైకిల్ నేర్పే కోచ్ అతను. ముప్పై అయిదేళ్ళుంటాయి. రెండేళ్ళుగా యశ్వంత్‌కు చేతులరిగేలా నేర్పాడు. గురమ్మ దృష్టిలో దేవుడి తర్వాత మనిషి.

"ఆదివారం పొద్దున నుంచి చెప్పు నరేష్. టైములతో చెప్పు."

"అయిదూ నలభైకి గురమ్మక్క యూరిన్ బ్యాగు ఖాళీ చేసింది మేడమ్. ఆరూ అయిదుకు నేను వాణ్ని వీల్‌చైర్‌లో నుంచి ఎత్తి సైకిల్లో పడుకోబెట్టినా. కాళ్ళకు బెల్టులు కట్టినా. ఆరున్నరకు జమ్మలమడుగులో పందెం మొదలైంది. ఏడూ ఇరవైకి గండికోట దగ్గర తిరిగినాడంట, అందరికంటే ముందు."

"అంట? నువ్వు చూళ్ళేదా?"

"నేను జమ్మలమడుగులోనే ఉంటిని. ముగింపు గీత దగ్గర. అక్క గుడికి పోయుండె."

"కదల్లేదా ఆడ్నుంచి?"

"కదల్లేదు."

"మంచిది. ఏడూ ఇరవై తొమ్మిదికి పిల్లోడు ఈడ పడినాడు. సైకిల్ మీటరు చెప్తాంది. ఏడూ ముప్పై ఒకటికి అంబులెన్స్‌కు ఫోన్ పోయింది. చేసింది నువ్వు. పదకొండు కిలోమీటర్ల దూరంలో ఉండే నీకు రెండు నిమిషాల్లో ఎట్ల తెలిసె?"

నరేష్ తడుముకోలేదు. "కోట చూడను వచ్చినోళ్ళు ఎవరో నాకు చేసినారు మేడమ్. సైకిల్ మీద నా నంబరు రాసుంటది."

"ఎవరు వాళ్ళు?"

"ఆ గాబరాలో పేర్లు ఎవరు అడుగుతారు?"

"నేనైతే అడుగుతా. సరే. బెల్టులు కట్టినాక పిల్లోడి కాళ్ళు ఎవరన్నా ముట్టినారా?"

నరేష్ గురమ్మ వైపు ఒకసారి చూసి తల వంచుకున్నాడు. "చెప్పను నోరు రావడంల్యా. గురమ్మక్క నల్లదారం కట్టింది, దిష్టికని. కొంచెం బిగించే కట్టింది. ఆయమ్మ తప్పేం ల్యా మేడమ్. తల్లి గదా."

గురమ్మ తన చేతి వేళ్ళు చూసుకుంది. దారం కట్టింది నిజం. మూడు ముళ్ళు వేసింది నిజం. ఏ కాలికి? పైపు పోయేది ఎడమ కాలి పిక్క మీదుగా. దారం ఎడమ కాలికి కట్టిందా, కుడికా? ఆ పొద్దు గుంపు, మైకు, తోపులాట. వాడు "బిరీన కానీ మా" అన్నాడు. వాడి మొహం గుర్తుంది. వాడి కాలు గుర్తుకు రాలేదు.

"అక్కా, అట్ల నిలబడొద్దు, కూచో," అన్నాడు నరేష్ ఆమె భుజం పట్టి. "మేడమ్, నా పని అయిపోయిందంటే నేను ప్రొద్దుటూరు పోతా. ఆడ పిల్లోడి పక్కన మనోళ్ళెవరూ లేరు."

"పోప్పా, పో," అంది గురమ్మ. మెడలో వేలాడుతున్న ఆసుపత్రి అటెండర్ కార్డు తీసి అతని చేతిలో పెట్టింది. ఆ కార్డు ఉన్నవాణ్ని ఒక్కణ్నే ఐ.సి.యు. లోపలికి పంపుతారు. "నువ్వు వాడి పక్కన కూచుంటే నేను కూచున్నట్టే."

ఒంటి గంటా నలభైకి నరేష్ బండి మలుపు తిరిగిపోయింది. షంషాద్ అది పోయిన వైపే ఒక నిమిషం చూసింది. ఆపడానికి ఆమె దగ్గర కారణం ఏమీ లేదు.

"ఇంకేం కావాలి షంషాద్?" అని గొడుగు కింద నుంచి ఒక గొంతు అడిగింది.

ఆ గొంతు సూర్యప్రకాశరావుది. రిటైర్డ్ డీఎస్పీ. పందెం పెట్టిన సంఘం వాళ్ళు తమ మీదికి మాట రాకుండా విచారణకు పెట్టుకున్న మనిషి. ఒకప్పుడు షంషాద్‌కు పైఅధికారి. ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు.

"నా రిపోర్టు తయారు. ఇలాంటి ఆటగాళ్ళలో బూస్టింగ్ అని ఒక దొంగదారి ఉంది. తమకు స్పర్శ తెలియని చోట కావాలని నొప్పి పుట్టించుకుంటారు. బి.పి. లేస్తుంది, గుండె గుర్రంలా కొట్టుకుంటుంది, చేతులకు లేని బలం వస్తుంది. ప్రపంచమంతా నిషేధం. కుర్రాడు గెలవాలని పైపు తానే నొక్కుకున్నాడు. కాదంటావా, తల్లి కట్టిన దారం బిగుసుకుంది. ఎటు చూసినా ప్రమాదమే. నాలుగింటి దాకా ఎందుకు?"

"నా కొడుకు దొంగాట ఆడడు సార్," అంది గురమ్మ. గొంతు ఆమెకే వినిపించలేదు.

"ఏ తల్లి ఆడతాడంటుందమ్మా?"

షంషాద్ ఫోన్ తెరిచి గురమ్మ ముందు పట్టింది. ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు నర్సు తీసిన ఫొటో. రెండు సన్నటి కాళ్ళు. నల్లదారం కుడి కాలి చీలమండ దగ్గరుంది.

"పైపు ఎడమ కాలికి. నీ దారం కుడి కాలికి. నువ్వు కాదు గురమ్మా. ఊపిరి తీసుకో."

గురమ్మ తీసుకోలేకపోయింది. తాను కాదంటే ఇంకెవరో ఉన్నట్టే గదా.

"ఇంగ పిల్లోడి సంగతి," అని షంషాద్ వ్యాను దగ్గరికి నడిచింది. పోలీసులు ఆ ఉదయమే జమ్మలమడుగు నుంచి యశ్వంత్ సైకిల్‌ను అక్కడికి తెచ్చారు. ఆమె దాన్ని రోడ్డు పక్కకు దింపించి, టోపీ తీసి గురమ్మకిచ్చి, యూనిఫాంతోనే అందులో వెల్లకిలా పడుకుంది. కాళ్ళు ముందుకు చాపి ఊచల మీద పెట్టింది.

"కట్టండి సార్."

"ఏమిటీ వేషాలు?"

"బెల్టు కట్టను రిటైర్మెంటు అడ్డమా సార్?"

సూర్యప్రకాశరావు గొడుగు మూసి, గొణుక్కుంటూ ఆమె పిక్కల మీద బెల్టులు బిగించాడు. షంషాద్ జేబులో నుంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసింది. లోపల యశ్వంత్ పాత పైపు ముక్క.

"దీని మీద రెండు అచ్చులున్నాయి. వెడల్పుగా, నేత నేతగా ఉండేది బెల్టు అచ్చు. సరిగ్గా దాని కింద, పళ్ళ మాదిరి ఉండేది క్లిప్పు అచ్చు. బెల్టు కిందికి క్లిప్పు పోయిందంటే బెల్టు కట్టేటప్పుడే పెట్టుండాల. లేదంటే కట్టినాక దూర్చుండాల. ఇప్పుడు చూడండి, నేను నా పిక్క కిందికి చెయ్యి పెట్టుకుంటా."

ఆమె నడుము వంచింది. ఛాతీకి అడ్డంగా పెడళ్ళ ఇరుసు తగిలింది. పక్కకు ఒరిగింది. వేళ్ళు మోకాలి దగ్గర ఆగిపోయాయి. ముక్కింది. మొహం కందిపోయింది. అంతకు మించి జానెడు కూడా పోలేదు.

"నాకు నడుం ఉంది. వంగితేనే ఇంత. వాడికి రొమ్ము కింద ఏమీ ల్యా. వాడెట్ల పెట్టుకుంటాడు సార్?"

సూర్యప్రకాశరావు బెల్టు బిగువు లాగి చూశాడు.

"ఇంకోటి. ఆస్పత్రికి పోయేసరికి పైపు అతుక్కునే ఉంది గానీ, దాని మీద క్లిప్పు ల్యా. ఈ ముప్పై గజాలూ రెండు రోజులు జల్లెడ పట్టినా, దొరకలేదు. పిల్లోడు తెలివి లేకుండా పడున్నప్పుడు దాన్ని తీసింది ఎవరు? తెలివిలేనోడు లేచి తీసి జేబులో పెట్టుకున్నాడా?"

బెల్టులు విప్పుతున్న సూర్యప్రకాశరావు చేతులు కాస్త ఆగాయి. మళ్ళీ కదిలాయి. "సరే. వాడు కాదు, తల్లి కాదు. మరెవరు? పేరు చెప్పు."

"ఇంకా తెల్దు."

"తెలియనప్పుడు ప్రమాదం అని రాయడమే పద్ధతి. నలభై ఏళ్ళు నేను చేసింది అదే."

"అది తెలుసు సార్. అందుకే మీ పాత ఫైళ్ళు ఇంకా నా టేబులు మీదున్నాయి."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేదని గురమ్మకు వెంటనే అనిపించింది. పెద్దాయన మొహం బిగుసుకుపోయింది. పక్కకు పోయి ఎవరో పైఅధికారికి ఫోన్ చేశాడు. గాలికి మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. ప్రమాదమే. మన పిల్ల దూకుడు మనిషి. జాతర బందోబస్తుకు మనుషులు చాలడం లేదన్నారు కదా.

తిరిగి వచ్చి గడియారం చూసుకున్నాడు. "రెండూ అయిదు. ఆసుపత్రి దగ్గర కానిస్టేబుల్‌ను రెండున్నరకు పంపించేస్తారు. పైనుంచే ఆర్డరు. నన్ను చూడకు."

షంషాద్ ఫోన్ తీసింది. పైఅధికారి లైను బిజీ. మళ్ళీ చేసింది. బిజీ. మూడోసారి ఎవరో ఎత్తి, సార్ మీటింగులో ఉన్నారన్నారు.

గురమ్మ సూర్యప్రకాశరావు ముందుకు పోయి నిలబడింది. అయిదో తరగతి చదివిన ఆడమనిషి డీఎస్పీ చేసిన మనిషికి ఏం చెబుతుంది? వంగి కాళ్ళు పట్టుకోబోతే ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

"లెయ్యమ్మా, లెయ్యి. నీ కొడుకు బాగుంటాడు. అనవసరంగా భయపడుతున్నావు."

అనవసరంగా. కొడుకు ట్రాక్టరు ఎక్కుతున్నప్పుడు వద్దంటే వాళ్ళ నాయనా ఈ మాటే అన్నాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. మాట మాత్రం ఎవరో ఒకరి నోట్లో బతికే ఉంది.

షంషాద్ ఆమెను లేపి రోడ్డు పక్క రాతిగుండు మీద కూర్చోబెట్టి నీళ్ళ సీసా ఇచ్చింది. తానూ పక్కన కూర్చుంది.

"ఆ దారం ఎందుకు కట్టినావ్ గురమ్మా? ముందు పందేలకు కూడా కడతాంటివా?"

"ల్యా మేడమ్. ఈసారే. పందెం గెలిచిన ప్రతిసారీ వాడికి దిష్టి తగుల్తాంది. తీసి తీసి యాష్టకొచ్చి, ముందే కడదామని కట్టినా."

"దిష్టి తగిలిందని ఎట్ల తెలుస్తది?"

"తెలీకేం. తలకాయ పగిలిపోతాందంటాడు. మొగం మీద, మెడ మీద ఎర్రగా మచ్చలు తేల్తాయి. నొసట చెమట ధార కడ్తది. చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో ఏస్తే ఒక్క తుమ్ము రాదు, ఇంత ఘాటు రాదు. అంత చెడ్డ కన్ను."

షంషాద్ సీసా మూత బిగిస్తున్నదల్లా ఆగింది. "ఏయే పందేలు? ఒక్కొక్కటి చెప్పు."

ఇది గురమ్మకు కష్టం కాదు. చేతి లెక్కలు రాకపోయినా, కొడుకు నొప్పి పడిన రోజు ఏ తల్లీ మరిచిపోదు. "ఉగాది ముందర పులివెందులలో. ఫస్టు వచ్చినాడు. ఆ పొద్దు తీసినా. శ్రావణంలో ప్రొద్దుటూరులో. సెకండు. తీసినా. చవితి అయినాక కడపలో, మళ్ళా ఫస్టు. ఆ పొద్దు రెండు మార్లు తీసినా, వాంతులు గూడా అయినాయి."

"గెలవని పందెం ఏదన్నా ఉందా?"

"ఒకటుంది. తాడిపత్రి. ఏడో నంబరు. ఆ పొద్దు దిష్టి ల్యా, నొప్పి ల్యా. ఇంటికొచ్చి రెండు సంగటి ముద్దలు తిని నిద్రపోయినాడు. ఓడిపోయినోణ్ని చూసి ఎవురు కన్ను పెడ్తార్లే అనుకున్నా."

"రోజూ ప్రాక్టీసుకు పోతాడు గదా. అప్పుడు?"

"నలభై కిలోమీటర్లు తొక్కుతాడు. ఏమీ కాదు."

"తాడిపత్రిలో వాణ్ని సైకిల్లోకి ఎత్తింది ఎవరు? బెల్టులు కట్టింది ఎవరు?"

"మా తమ్ముడు నారాయణ. అప్పటికింకా కువైట్ పోలేదు వాడు. నరేష్ ఆ పొద్దు రాలేదు. వాళ్ళ చెల్లెలి నిశ్చితార్థమని..."

వాక్యం పూర్తి కాలేదు. తన నోట్లో నుంచి వచ్చిన మాట తానే విన్నట్టు గురమ్మ ఆగిపోయింది.

"మిగతా మూడు సార్లు?" షంషాద్ గొంతు చాలా మెత్తగా ఉంది.

గురమ్మ నరేష్ బండి పోయిన మలుపు వైపు చూసింది.

"అది దిష్టి కాదు గురమ్మా. మచ్చలు, చెమట, నిక్కబొడుచుకునే వెంట్రుకలు, అన్నీ డాక్టరు నాకు చెప్పిన గుర్తులే. కింద నొప్పి పుడ్తే వాడికి వినపడదు. అందుకని ఒళ్ళు పైన మొత్తుకుంటాది."

ఒళ్ళు మొత్తుకుంటూంటే తాను మిరపకాయలు తిప్పింది. ఘాటు రాలేదని ఊళ్ళో వాళ్ళ కళ్ళను శపించింది. పక్కింటి షాహీదాబీ పిల్లోడి గెలుపు చూసి మురిసిపోయి వస్తే, మొహం మీద తలుపు వేసింది. నొక్కిన చెయ్యి అదే గుమ్మంలో కూర్చుని, ఆమె చేతి టీ తాగి, "తియ్యక్కా, దిష్టి తియ్యి, శానా మంది చూసినారు" అన్నది. మూడుసార్లూ ఆ చేతికి దండం పెట్టింది తాను.

"ఎందుకు మేడమ్? వాడేం చేసినాడు ఆయప్పకు?"

"గెలిచే పిల్లోడు ఉంటేనే కోచ్‌కు పేరు. ఈ పందెం గెలిస్తే వాడు ఇండియా టీములోకి, కోచ్ వాడెంబడే విదేశానికి. చంపాలనుకోలేదు నరేష్. ఫస్టు రావాలనుకున్నాడు. ఈసారి ఎక్కువ సేపు పట్టింది, అంతే. కానీ అది నా ఊహ. కోర్టుకు..."

ఫోన్ మోగింది. షంషాద్ ఎత్తి, తెర మీద వచ్చిన కాగితాన్ని వేలితో పైకి నెట్టుకుంటూ చదివింది. నరేష్ ఫోన్‌కు ఆదివారం వచ్చిన కాల్స్ పట్టీ. సూర్యప్రకాశరావు ఎప్పుడు వచ్చాడో వాళ్ళ వెనక నిలబడి వంగి చూస్తున్నాడు.

"ఏడు నుంచి ఏడున్నర దాకా ఆయప్పకు వచ్చినవి మూడే కాల్స్," అంది షంషాద్. "ఏడూ పది, ఏడూ పద్దెనిమిది, ఏడూ ఇరవై ఆరు. మూడూ ఎత్తలేదు. మూడూ గుడి కాడ్నుంచి నువ్వు చేసినవే గురమ్మా. కోట చూడను వచ్చినోళ్ళు ఎవరూ చెయ్యలేదు. పందెం వెంబడే బండి మీద వచ్చినాడు. పిల్లోడు పడంగానే క్లిప్పు తీసుకున్నాడు. అప్పుడు చేసినాడు అంబులెన్స్‌కు."

అప్పుడు రెండూ ముప్పై ఎనిమిది.

ముగ్గురూ ఒకేసారి ఒకే లెక్క వేశారు. ఒంటి గంటా నలభైకి బయల్దేరిన బండి. ముప్పై ఒకటి, ముప్పై రెండు కిలోమీటర్లు. రెండున్నరకు కానిస్టేబుల్ లేడు. మెడలో అటెండర్ కార్డు. సాయంత్రానికి కళ్ళు తెరుస్తాడని పొద్దున డాక్టరు చెప్పినప్పుడు నరేష్ అక్కడే, గురమ్మ పక్కనే నిలబడి ఉన్నాడు. యశ్వంత్ కళ్ళు తెరిస్తే, బెల్టు కట్టేటప్పుడు ఏం చూశాడో చెబుతాడు.

"నేను ఫోన్ చేస్తాను," అన్నాడు సూర్యప్రకాశరావు. ఆయన వేళ్ళు ఒకే అంకెను రెండుసార్లు నొక్కాయి. చెరిపి మళ్ళీ మొదలుపెట్టాడు. ఇందాక ఒక్క రింగుకు ఎత్తిన పైఅధికారి ఇప్పుడు ఎత్తలేదు.

షంషాద్ ఐ.సి.యు. నంబరుకు చేసింది. మోగి మోగి ఆగిపోయింది. ప్రొద్దుటూరు స్టేషనుకు చేసింది. నాలుగు మాటల్లో చెప్పి, విని, గురమ్మ వైపు తిరిగింది.

"పోలీసు బండి ఊరి బయట జాతర కాడ ఉందంట. ఆస్పత్రికి చేరను పన్నెండు నిమిషాలు. నువ్వు నరేష్‌కు చెయ్యి. స్పీకర్లో పెట్టు. ఎప్పుడూ ఎట్ల మాట్లాడతావో అట్లే మాట్లాడు. ఆయప్ప చేతిలో ఫోన్ ఉన్నంతసేపు ఆ చెయ్యి ఖాళీగా ఉండదు."

"నాకు రాదు మేడమ్. నా గొంతు చూస్తాండారు గదా."

"నీ గొంతు ఎప్పుడూ ఇట్లే ఉంటది గురమ్మా. భయపడతా మాట్లాడేదే నీకు మామూలు. చెయ్యి."

రెండో రింగుకే ఎత్తాడు. "చెప్పక్కా."

"చేరినావా నరేషూ?"

"ఇప్పుడే. లోపలున్నా, వాడి పక్కనే. మంచిగా పడుకోనుండాడు."

అవతల యంత్రం ఒకటి టిక్కు టిక్కుమంటోంది. అది కొడుకు గుండె అని గురమ్మకు తెలుసు. టిక్కుకూ టిక్కుకూ మధ్య తన గుండె ఆపి విన్నది.

"ఏసీ ఎక్కువ పెట్టినారేమో చూడప్పా. దుప్పటి కప్పినారా?"

"కప్పినారు."

"నర్సు ఉందా ఆడ?"

"ఇప్పుడే అటు పోయింది. కొత్త కేసు ఏదో వచ్చిందంట, అందరూ ఆడనే ఉండారు."

షంషాద్ పది వేళ్ళు చూపించింది.

"నువ్వు అన్నం తిన్నావా? యాడ తింటావ్? ఆ కాంటీన్లో పప్పు బాగుండదు. నిన్న తింటే నాకు కడుపులో మంట పుట్టె."

"తింటాలే అక్కా."

"డాక్టరు మళ్ళా వచ్చెనా? ఏమన్నా అనెనా? కళ్ళు తెరిచినాడా వాడు? వేళ్ళు కదిలిస్తాండాడా?"

ఒక క్షణం ఆగి వచ్చింది జవాబు. "రెప్పలు కదిలిస్తాండాడు."

ఎనిమిది వేళ్ళు. గురమ్మ అడుగుతూనే ఉంది. దిండు ఎత్తు చాలిందా, పెదాలు ఎండినాయా, తడి గుడ్డ పెట్టారా, పక్క మంచం ముసలాయన ఎట్లున్నాడు, మాత్రల చీటీ సొరుగులో ఉందా. అడగడానికి ఆమెకు ఎప్పుడూ కొదవ లేదు. జవాబులు మాత్రం చెవిలో పడడం లేదు. టిక్కు టిక్కు ఒక్కటే పడుతోంది. నాలుక చివర ఇంకొక ప్రశ్న ఉంది. దాన్ని రానివ్వకుండా ఆమె మిగతా ప్రశ్నలన్నీ ఒకదాని మీద ఒకటి వేస్తోంది.

ఆరు వేళ్ళు. సూర్యప్రకాశరావు గొడుగును రెండు చేతులా పట్టుకుని రోడ్డు మీదే కూలబడి ఉన్నాడు.

"అక్కా," అన్నాడు నరేష్.

"ఏంప్పా."

"రెండేండ్లుగా నువ్వు నాకు ఫోన్ చేస్తే మొట్టమొదట అడిగేది పైపు సంగతే. మడత పడిందా, బ్యాగు నిండిందా అని. ఈ పొద్దు ముసలాయన్ను గూడా అడిగినావు. అది అడగలేదు."

షంషాద్ చెయ్యి గాలిలో అట్లాగే నిలిచిపోయింది. ఇంకా అయిదు నిమిషాలు.

గురమ్మ నోరు తెరిచింది. వెయ్యిసార్లు అడిగిన మాటే అది. ఇప్పుడు అడిగితే వాడి చెయ్యి దాని మీదికే పోతుంది. అడగకపోతే వాడికి తెలిసిపోతుంది. ఆమె అడగనూ లేక, మానుకోనూ లేక, "నరేషూ" అని మాత్రం అంది.

"చూస్తాలే అక్కా," అన్నాడు అతను నెమ్మదిగా. "నేనే చూస్తా."

ఫోన్ ఏదో గట్టి బల్ల మీద పెట్టిన చప్పుడైంది. లైను పోలేదు. కుర్చీ వెనక్కి జరిగింది.